శెట్టిగారు లోపలికి వెళ్లిన రోజు

ఈమధ్య జైళ్ల శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు యువకులు నన్ను చూడవచ్చారు. ముప్పై నాలుగేళ్లు ఆ గోడల మధ్య పనిచేశారు కదా, మీరు చూసినవాళ్లలో అందరికంటే ధైర్యవంతుడు ఎవరని అడిగారు. గోడ దూకి పారిపోయిన దొంగ గురించో, ఉరికంబం ఎక్కుతూ నవ్వినవాడి గురించో చెబుతానని ఎదురుచూసినట్టున్నారు. నేను ఒక బట్టల వ్యాపారి గురించి చెప్పబోయాను. మాట తడబడింది, వరుస తప్పింది. వాళ్లు మర్యాదగా తలలూపి, కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. కొందరి పిల్లలు ఇంకా అదే ఊళ్లో ఉన్నారు, ఆ ఊరి పేరూ అందుకే వద్దు. కర్నూలు జిల్లాలోని ఒక జైలు అనుకుంటే చాలు.

జైళ్లు నిండిన రోజులంటే మీకు ఎమర్జెన్సీ గుర్తొస్తుంది. నేను చెప్పేది అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందటి మాట. యాభైల మొదట్లో, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులు. అప్పుడు ఎవరూ ఆ పేరుతో ప్రకటన చేయలేదు గానీ, విచారణ లేకుండా మనిషిని లోపల పెట్టే చట్టం ఒకటి ఉండేది. అట్లా వచ్చినవాళ్లను డిటెన్యూలు అనేవాళ్లం. దేశమంతటా ఒక విధమైన భయం, పైనుంచి కిందిదాకా. ఆ భయం మా గేటు దాటి లోపలికి వచ్చేసరికి దానికి ఏ పేరు పెట్టినా ఒకటే.

మా జైల్లో అటువంటివాళ్లు ఇరవై ముగ్గురు ఉండేవారు. కర్నూలు, కడప జిల్లాల పల్లెలవాళ్లు. ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్లు, ఒక దర్జీ, తక్కినవాళ్లు సేద్యగాళ్లు, కూలీలు. వానలు లేని ఏళ్లు అవి. ఊరూరా గంజి కేంద్రాలు నడిచేవి. ఈ మనుషులు తమ ఊళ్లలో ధాన్యం దాచిన పాతర్లు తెరవమని అడిగినవాళ్లో, అడిగినవాళ్లకు అన్నం పెట్టినవాళ్లో. నేను ములాఖాతు గుమాస్తాని. చూడవచ్చిన బంధువుల పేర్లు రాసుకోవడం, ఖైదీల ఉత్తరాలు విప్పి చదవడం నా పని. పాతికేళ్ల వయసు, కొత్తగా పెళ్లి, ఉద్యోగం ఊడితే ఎట్లా అన్న బెంగ ఎప్పుడూ కడుపులో ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో, నీళ్ల తొట్టి దగ్గర డిటెన్యూలకూ వార్డర్లకూ గొడవ జరిగింది. ఇద్దరు వార్డర్లకు తలలు పగిలాయి. డిటెన్యూల్లో ఎవరికి ఏం తగిలిందో మా పుస్తకాల్లో రాయలేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: డిటెన్యూలకు బంధువుల ములాఖాతులు, ఉత్తరాలు మళ్లీ చెప్పేవరకు నిలిపివేయడమైనది. మా సూపరింటెండెంటు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ వార్డుకు బయటినుంచి ఎవరూ పోకుండా తాళం వేయించాడు. ఆయన క్రూరుడు కాడు. కోస్తానుంచి వచ్చినవాడు, ఏడాదిలో రిటైరు కావలసినవాడు. ఆ ఏడాది ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలని కోరుకున్నాడు, అంతే.

ములాఖాతులు ఆగిపోయాయని పల్లెలకు ఎవరు చెబుతారు? వాళ్లు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరూ నా కిటికీ ముందు నిలబడి అడిగేవారు. అందరికీ ఒకే జవాబు చెప్పడం నేర్చుకున్నాను: చూడటానికి లేదు, కానీ మీవాడు బాగున్నాడు, దిగులు పడొద్దు. ఆ మాట దయ అనుకునేవాణ్ని. వాళ్లు ఇంత దూరం నడిచి వచ్చారే, ఒక మంచి మాట చెప్పి పంపితే తప్పేమిటి?

ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల నడుమ ఉన్న ఒక పల్లెనుంచి ఒక తల్లి వచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. కొడుకు అదే పల్లెలో బడిపంతులు, ఇరవై ఆరేళ్లవాడు. ఆమె రెండోసారి వచ్చినప్పుడు కూడా నేను అదే చెప్పాను. ఆమె కదలలేదు. "బాగుండాడని ఎవరు చెప్పినారు సారూ?" అని అడిగింది. లోపలివాళ్లు చెప్పారన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, కొంగుతో చెమట తుడుచుకుని వెళ్లిపోయింది.

వెళ్లిపోయిందనుకున్నాను. గేటు దగ్గర మా హెడ్ వార్డరు ఆమెను ఆపాడట. ఆయన కర్నూలు పాతబస్తీ మనిషి, తెల్లగడ్డం, పాతికేళ్ల సర్వీసు. గేటు పక్క గోడకు ఒక చెక్క బోర్డు వేలాడుతుండేది. దాని మీద జైలు విజిటర్ల పేర్లు రంగుతో రాసి ఉండేవి. అంతవరకు ఆ బోర్డును ఎవరూ చదవగా నేను చూడలేదు. హెడ్ వార్డరు ఆమెకు అందులో ఒక పేరు చదివి వినిపించి, ఈ శెట్టి లోపలికి పోవచ్చు, సర్కారు ఆయనకు ఆ హక్కు ఇచ్చింది, పోయి అడుగు అని చెప్పాడు.

విజిటరంటే ఏమిటో మీకు చెప్పాలి. ప్రతి జైలుకూ ఊళ్లోని పెద్దమనుషులు ముగ్గురు నలుగురిని ప్రభుత్వం నియమించేది. జీతం లేదు. వాళ్లు ఎప్పుడైనా రావచ్చు, ఏ ఖైదీనైనా చూడవచ్చు, చూసింది విజిటర్ల పుస్తకంలో రాయవచ్చు. రాసిన ప్రతి మాటకూ నకలు తీసి మద్రాసులోని పై ఆఫీసుకు పంపాలి. నిబంధనల్లో ఉన్నది ఇది. జరిగేది వేరు. మూడు నెలలకోసారి పెద్దమనిషి వస్తాడు. సూపరింటెండెంటు గదిలో మజ్జిగ తాగుతాడు. "అంతా సంతృప్తికరం" అని నేను ఇంగ్లీషులో రాసిపెడితే కింద సంతకం చేసి వెళతాడు.

మా శెట్టిగారు కూడా అదే పద్ధతి. బజారులో బట్టల అంగడి. యాభై దాటిన సన్నటి మనిషి, గొంతు ఎంత మెల్లగా ఉండేదంటే ఎదుటివాళ్లు కాస్త ముందుకు వంగాల్సి వచ్చేది. పోలీసు ఎదురైతే పక్కకు తప్పుకొని నడిచేవాడు. నాలుగేళ్లలో ఆయన వార్డుల వైపు ఒక్క అడుగు వేయగా నేను చూడలేదు. పంటలు వచ్చిన ఏళ్లలో చుట్టూ ముప్పై నలభై పల్లెలవాళ్లు పెళ్లి బట్టలకు ఆయన అంగడికే వచ్చేవారు. ఆ తల్లి పెళ్లి చీర కూడా అక్కడ కొన్నదేనట.

ఆమె అంగడికి పోయి అడిగిందట, ఆ తర్వాతి సోమవారం పొద్దున ఆయన వచ్చాడు. మామూలుగా వచ్చే నెల కాదు, తనిఖీ రోజు కాదు. మజ్జిగ తెప్పించబోతే వద్దన్నాడు. డిటెన్యూల వార్డు చూడాలన్నాడు. సూపరింటెండెంటు నవ్వి, ప్రస్తుతం పరిస్థితి బాగాలేదని, పై ఉత్తర్వులున్నాయని చెప్పాడు. శెట్టిగారు ఆ ఉత్తర్వు చూపమని అడగలేదు. నా వైపు తిరిగి, విజిటర్ల నిబంధనలు రాసిన రూళ్ల పుస్తకం ఒకసారి ఇవ్వమన్నాడు.

ఆ పుస్తకం నా వెనక బీరువాలోనే ఉంది. సూపరింటెండెంటు నా మొహం చూడలేదు, చూడవలసిన అవసరం కూడా లేదు. బైండింగుకు పంపామండీ అన్నాను.

శెట్టిగారు సరేనన్నాడు. విజిటర్ల పుస్తకం తెమ్మన్నాడు. ఎప్పటిలాగే నేను కలం అందుకోబోతే చెయ్యి చాపి తనే తీసుకున్నాడు. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, తలెత్తకుండా రాశాడు: "ఈ దినము నేను డిటెన్యూలను చూడవలెనని అడిగితిని. చూడనివ్వలేదు. రేపు మరల వచ్చెదను." సంతకం పెట్టి, సిరా ఆరేలా ఊది, పుస్తకం మూసి నాకు ఇచ్చాడు.

మర్నాడు వచ్చాడు. అడిగాడు. కాదన్నారు. అదే వాక్యం రాశాడు. ఈసారి ఇంటికి పోలేదు. గేటు బయట వేపచెట్టు కింద తుండు పరుచుకుని మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. బుధవారం కూడా అంతే. ఆయన అంగడి పూటపూటా మూసి ఉండటం చూసి బజారంతా గుసగుసలు మొదలయ్యాయి. ఆయన అన్నగారు వచ్చి, మనకెందుకు ఈ రాజకీయాలు, లైసెన్సులు పోతాయి అని బతిమాలాడు. శెట్టిగారు వాదించలేదు. నేను ఒకసారి చూసి వచ్చేస్తా, నువ్వు ఇంటికి పో అని చెప్పాడట. ఆ మాట మాకు హెడ్ వార్డరు వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో నవ్వులాంటిది ఉంది.

విజిటర్ల పుస్తకం నకళ్లు ప్రతి శనివారం తపాలాలో మద్రాసు పోయేవి. తెలుగులో రాసింది నేను ఇంగ్లీషులోకి మార్చాలి. సూపరింటెండెంటు నన్ను పిలిచి ఒక సలహా ఇచ్చాడు. "చూడనివ్వలేదు అని రాయకు. చూడటం వీలుపడలేదు అని రాయి. అర్థం ఒకటే కదా." మూడు రోజుల నకళ్లూ అట్లాగే రాసిపెట్టాను. రాస్తున్నప్పుడు నాకూ అర్థం ఒకటే అనిపించింది. ఉద్యోగంలో చేసిన తప్పుల జాబితా రాయమంటే మొదట ఇది రాస్తాను.

గురువారం నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతుంటే శెట్టిగారు చెట్టు కిందినుంచి పిలిచాడు. ఆ రోజుకి ఆయన ఒక్కడే లేడు. ఆ తల్లి ఉంది. ఇంకా ఏడెనిమిది మంది పల్లెవాళ్లు, ఎక్కడెక్కడివాళ్లో, చెట్టు నీడ ఎంత ఉందో అంతలోనే ఒదిగి కూర్చున్నారు. ఆయన దగ్గర కూర్చుంటే చాలన్నట్టు ఉన్నారు.

"గుమాస్తా సారూ, ఈయమ్మకు కొడుకు బాగుండాడని చెప్పినావంట," అన్నాడు శెట్టిగారు.

చెప్పానన్నాను.

"నువ్వు చూసినావాప్పా?"

నిలదీసినట్టు అడగలేదు. చూసి ఉంటే ఆ మాట విని ఈమెకు చెప్పి ఇంటికి పంపుదామని, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అందుకే నాకు అబద్ధం నోటికి రాలేదు. చూడలేదన్నాను. ఆయన తల ఊపాడు. "నేనూ నాలుగేండ్లు చూడకుండానే సంతకం పెట్టినాలేప్పా," అన్నాడు.

నేను ఇంటికి పోలేదు. వెనక్కి తిరిగాను. కంబళ్ల లెక్క సరిచూడాలని వంక పెట్టి హెడ్ వార్డరును తీసుకుని ఆ వార్డుకు వెళ్లాను. నా కిటికీకి అది నూటయాభై అడుగుల దూరం కూడా లేదు. నాలుగేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి పోవడం. రేకుల కప్పు, కింద నల్లటి బండలు. ఆ బండలు పగలంతా వేడిని పట్టి ఉంచేవి. చివరి గదిలో బడిపంతులు పడుకుని ఉన్నాడు. పాదాలు వాచిపోయాయి. పెదవులు పగిలి నల్లబడ్డాయి. వారానికోసారి వచ్చే డాక్టరు వేసవి జ్వరమని రాసి పోయాడట. నన్ను చూసి లేవబోయాడు, చేతకాలేదు. "మా యమ్మ వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. బాగుండాడని చెప్పినారా అన్నాడు. చెప్పామన్నాను. "మంచిపని చేసినారు," అన్నాడు అతను.

బయటికి వచ్చాక హెడ్ వార్డరు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమెకు బోర్డు చూపించింది తానేనని అప్పుడు చెప్పాడు. "నాకు ఇంగ్లీషు రాదు సాబ్. వస్తే శానా రోజుల కిందనే రాసుండేవాణ్ని," అన్నాడు.

శనివారం పొద్దున శెట్టిగారు ఆరోసారి వచ్చి రాసిపోయాక, నేను రాసిపెట్టిన నకళ్లు చింపేశాను. ఆరు రోజులవీ మళ్లీ రాశాను. చూడనివ్వలేదు, చూడనివ్వలేదు, చూడనివ్వలేదు. తర్జుమా అంత తేలిగ్గా ఎప్పుడూ సాగలేదు. బీరువా తీసి, రూళ్ల పుస్తకంలో విజిటర్ల పేజీ దగ్గర కాగితం పెట్టి, అన్నీ కలిపి సూపరింటెండెంటు బల్ల మీద సంతకానికి పెట్టాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, పెట్టి తలుపు దాకా వెనక్కి నడిచాను.

ఆయన మొదటి కాగితం చదివాడు. తర్వాత ఆరూ వరుసగా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను చెప్పింది ఇది కాదు కదా."

"శెట్టిగారు రాసింది ఇదే సార్. నేను మార్చలేదు."

నన్ను సస్పెండు చేస్తాడనుకున్నాను. ఆ కాగితాలు పక్కన పడేస్తాడనుకున్నాను. ఆయన కలం తీసి ఆరింటి మీదా సంతకం చేశాడు. లేచి టోపీ పెట్టుకుని, నన్ను కూడా రమ్మని, తనే గేటు దాకా నడిచాడు. ఆరు తిరస్కారాలు మద్రాసు పోతున్నాయి గనక ఏడో రోజు ఉండకూడదని లెక్కవేశాడో, లేక ఆయనలోనూ ఏదైనా కదిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. వేపచెట్టు కింద కూర్చున్న మనిషి ముందు యూనిఫారంలో నిలబడి, "రండి శెట్టిగారూ," అన్నాడు.

షరతులు పెట్టాడు. గంట సేపు. కాగితం, కలం లోపలికి తేకూడదు. కబుర్లు మోయకూడదు. శెట్టిగారు అన్నిటికీ ఒప్పుకున్నాడు. జేబులో ఉన్న చిన్న పుస్తకం, పెన్సిలు తీసి హెడ్ వార్డరు చేతిలో పెట్టాడు.

వార్డు గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విడిచాడు. బండలు కాలుతున్నాయి, వేసుకోండి అన్నాను. వాళ్లకు లేవు కదప్పా అని లోపలికి నడిచాడు.

ఆ గంట నేను ఆయన వెంటే ఉన్నాను. చూస్తాననుకున్నది వేరు. ఈ మెత్తటి మనిషి లోపలి పరిస్థితి చూసి కంటతడి పెడతాడనో, కోపంతో అరుస్తాడనో అనుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. ఒక్కొక్క మనిషి ముందు బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఏం తింటాండావు, నిద్ర పడతాందా, యాడ నొప్పి అని అడిగాడు. ఒక్కరినీ తొందర పెట్టలేదు. ఇద్దరు మొదట మొహం తిప్పుకున్నారు. ప్రభుత్వం పంపిన మనిషే కదా అని ఒకడు అన్నాడు. శెట్టిగారు ఒప్పుకున్నాడు. అవును, నాలుగేండ్లు రాకుండా ఉన్నా, తప్పు నాదే, ఇప్పుడు చెప్పు నాయనా అన్నాడు. అతను చెప్పాడు. మధ్యలో ఒకతను భార్యకు ఏదో చెప్పమనగానే సూపరింటెండెంటు గొంతు సవరించాడు. శెట్టిగారు తిరిగి చూసి, "వర్తమానాలు మోయను సార్. ఒళ్లు ఎట్లుండాదో మాత్రమే అడుగుతాండా," అన్నాడు. తర్వాతినుంచి లోపలివాళ్లకు కిటుకు తెలిసిపోయింది. అన్నీ ఒళ్లు గురించే చెప్పారు. మా పాప తలచుకుంటే గుండెలో నొప్పి వస్తాంది అన్నాడు ఒకడు. మా నాయన పంపిన జొన్నరొట్టె తింటే ఈ నీరసం పోతుంది అన్నాడు దర్జీ. సూపరింటెండెంటు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

చివరి గదిలో శెట్టిగారు ఎక్కువసేపు ఉన్నాడు. బడిపంతులు నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయలేదు. "మీ యమ్మ గేటు కాడ ఉండాది. మూడు దినాలనించి ఉండాది. బాగుంది. తిన్నది," అన్నాడు. అతను కళ్లు మూసుకున్నాడు. కంటి కొసలనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

శెట్టిగారు కూర్చున్నచోటనుంచే తల ఎత్తి సూపరింటెండెంటును చూశాడు.

"ఈయప్పను ఆస్పత్రికి పంపండి సార్. పంపేదాకా నేను ఈడనే ఉంటా."

గంట అయిపోయిందని సూపరింటెండెంటు అన్నాడు. శెట్టిగారు అవునన్నాడు. లేవలేదు. గొంతు పెంచలేదు. పోలీసును చూసి పక్కకు తప్పుకునే మనిషి, ముగ్గురు వార్డర్లు, ఒక జైలరు, ఒక సూపరింటెండెంటు నిలబడి ఉండగా, ఆ కాలే బండ మీద ఒక జ్వరపడిన మనిషి నుదుటి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నేను జీవితంలో చాలా పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను దగ్గరగా చూశాను. అంత ఎత్తు మనిషిని మళ్లీ చూడలేదు. ఆ గదిలో నిలబడినవాళ్లమంతా ఆయన కంటే కిందనే ఉన్నట్టు నాకు అనిపించింది.

జట్కా పిలిపించమని చెప్పాడు సూపరింటెండెంటు. ఇద్దరు డిటెన్యూలు, హెడ్ వార్డరు కలిసి పంతుల్ని ఎత్తుకొచ్చారు. గేటు తెరుచుకోగానే తల్లి లేచి నిలబడింది. కాపలా పోలీసు ఆమెను దగ్గరికి రానివ్వకూడదు. అతను బీడీ ముట్టించుకునే పని పెట్టుకుని అటు తిరిగాడు. ఆమె కొడుకు పాదాలు ఒకసారి ముట్టుకుని చూసింది. ఏడవలేదు. జట్కా కదిలాక వెనక చెక్క పట్టుకుని, ఆ ఎండలో, ఆస్పత్రిదాకా దాని వెంటే నడిచింది.

కథ ఎట్లా ముగిసిందో ఇక్కడే చెప్పేస్తాను. పంతులు బతికాడు. నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాడు, ఆరు నెలలకు విడుదలయ్యాడు. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేవాడట, కానీ మళ్లీ బడి చెప్పాడు. ములాఖాతులు రెండు నెలల తర్వాత మొదలయ్యాయి. మా ఆరు కాగితాలకు మద్రాసునుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: గమనించడమైనది. సూపరింటెండెంటు సమయానికే, గౌరవంగానే రిటైరయ్యాడు. నన్ను కడపవైపు బదిలీ చేశారు, అది శిక్షో కాదో ఎవరూ చెప్పలేదు. శెట్టిగారి పదవీకాలం అయిపోయాక మళ్లీ నియమించలేదు. ఆయన స్థానంలో వచ్చిన కాంట్రాక్టరు మజ్జిగ బాగుందని మెచ్చుకునేవాడని విన్నాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆదివారం పొద్దున గురించి.

ఆ ముందురోజు జరిగినదానికి నాకు నిద్ర పట్టలేదు. రూళ్ల పుస్తకం గురించి అబద్ధమాడానని ఆయనతో చెప్పుకోవాలని అంగడికి వెళ్లాను. వీధి మలుపులోనే జనం కనబడ్డారు. నలభై, యాభై మంది. ఆత్మకూరు వైపువాళ్లు, ఆళ్లగడ్డ వైపువాళ్లు, ఎర్రగుంట్ల దగ్గరినుంచి రాత్రి రైలెక్కి వచ్చినవాళ్లు. ఒక శెట్టి లోపలికి పోయి చూసి వచ్చాడన్న మాట ఒక్క పగట్లో అంత దూరం ఎట్లా పాకిందో తెలియదు. అందరూ వరుసగా, గుడి ముందు నిలబడినట్టు నిలబడ్డారు.

శెట్టిగారు అంగట్లో తెల్ల పరుపు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ బట్టల బేళ్లు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు. ఒక్కొక్కరూ వచ్చి తమవాడి పేరు చెబుతారు. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. తర్వాత చెబుతాడు. మీ తమ్ముడు ఎడమవైపు మూడో గది. దగ్గు ఉండాది, శానా కాదు, పొద్దున మాత్రమే. పాపను తలచుకుంటే గుండె నొస్తాదని చెప్పినాడు. మీవాడు సగం సంగటే తింటాండాడు, ఎందుకంటే పక్క గదిలో పెద్దాయనకు సగం ఇస్తాండాడు. మీ మామ గడ్డం పెరిగింది, పోల్చుకోలేవు, కానీ నవ్వినాడు. ఇరవై ముగ్గురు. ఒక గంట. పెన్సిలు లేకుండా. చూసినదానికి ఒక్క మాట ఎక్కువ కాదు, ఒక్క మాట తక్కువ కాదు. ఎవరికీ బాగుండాడని ఊరికే చెప్పలేదు. బాగాలేనివాణ్ని బాగాలేదనే చెప్పాడు. విన్నవాళ్లు ఏడ్చారు గానీ, ఏడ్చి మళ్లీ ఆయన చేతులు పట్టుకున్నారు. నా కిటికీ ముందు అట్లా ఎవరూ ఎప్పుడూ చేయలేదు.

నేను తలుపు పక్కన నిలబడిపోయాను. ఆ గంటంతా నేనూ ఆయన వెంటే ఉన్నాను కదా, నాకు వాళ్లలో పదిమంది మొహాలు కూడా గుర్తు లేవు.

చివరికి ఒక ముసలాయన మిగిలాడు. ఎర్రగుంట్ల వైపు సేద్యగాడు, చేతికర్ర, తలపాగా. కొడుకు పేరు చెప్పాడు. శెట్టిగారు కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టింది. మరిచిపోయాడేమో అనుకున్నాను.

"మీవాడు నాతో ఏమీ మాట్లాడలేదప్పా," అన్నాడు. "ఏమడిగినా పలకలేదు. గోడ తట్టే చూస్తా ఉన్నాడు."

ముసలాయన తల దించుకున్నాడు.

"కానీ నేను లేచేటప్పుడు మోకాలు పట్టేసింది. తూలినాను. అప్పుడు తాను లేచి వచ్చి చెయ్యి ఇచ్చినాడు. ఈ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడప్పా. చేతిలో బలముండాది."

ముసలాయన శెట్టిగారి కుడిచేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని, దాన్ని అట్లాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.